సంతకం ఎవరిది? అందరి సంఘాన్ని అందరితో నడిపే పద్ధతి

మా సంఘం తొలి సమావేశం ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో పెట్టుకున్నాం. వేదిక వెనక బ్యానరు మీద ‘మనమంతా ఒక్కటే’ అని పెద్ద అక్షరాలు. పైకి వెళ్లడానికి పంతొమ్మిది మెట్లు. కాళ్లకు ఊతంగా కాలిపర్లు (లోహపు పట్టీలు) వేసుకొని నడిచే ఒకాయన మెట్ల దగ్గర ఆగిపోతే ఇద్దరు కుర్రాళ్లు వెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చారు. హాలంతా చప్పట్లు. ఆయన ఆ తర్వాత ఏ సమావేశానికీ రాలేదు. ఆరు నెలలకు కూరగాయల మార్కెట్లో కనిపిస్తే ఎందుకని అడిగాను. “పెళ్లికొడుకును మోసినట్టు మోశారు, మర్యాదకు లోటు లేదండీ. మరుగుదొడ్డి కింద ఉంది. మళ్లీ మోయమని ఎవరిని అడగను? నాలుగు గంటలు మంచినీళ్లు కూడా ముట్టలేదు” అన్నారు.

అన్ని కులాలు, మతాలు, భాషలవారినీ, వికలాంగులనూ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులనూ ఒకచోటికి తేవాలని సంఘం పెట్టేవారి కోసం ఇది రాస్తున్నాను. ఇప్పటికే సంఘం నడుపుతూ ‘ఎంత పిలిచినా మావాళ్లే వస్తున్నారు’ అని వాపోయేవారికీ పనికొస్తుంది. కార్యదర్శిగా నేను చేసిన పొరపాట్లే ఇందులో ఎక్కువ. సంఘం ఎవరిదో తెలియాలంటే తాళంచెవి, చెక్కు పుస్తకం, ఎజెండా కాగితం ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడాలి. ఆ మూడూ చేతులు మారడానికి అధ్యక్ష కార్యదర్శులు చేయవలసిన పనులు వరసగా చెబుతాను.

1. రిజిస్ట్రేషన్‌కు ముందు ఊరు తిరగండి

సాధారణంగా జరిగేది ఇది. నలుగురు స్నేహితులు టీ కొట్టు దగ్గర సంఘం పేరు అనుకుంటారు, వారంలో లోగో వస్తుంది, పక్షంలో రిజిస్ట్రేషన్. ఆ తర్వాత ‘మైనారిటీల నుంచి ఒకరు కావాలి, ఎవరైనా తెలుసా?’ అని వెతుకులాట. అప్పటికే ఇల్లు కట్టేశారు, వచ్చేవారికి వరండాయే మిగులుతుంది.

కనీసం రెండు మూడు నెలలు తిరగండి. ఒక నోటు పుస్తకంలో మీ పట్టణాన్ని వాడల వారీగా రాసుకోండి. ఎస్సీ కాలనీ, ముస్లిం బస్తీ, లంబాడీ కుటుంబాలు ఉండే వీధి, వలస కూలీల గుడిసెలు, బధిరుల పాఠశాల, చర్చి, మసీదు, ట్రాన్స్‌జెండర్లు అద్దెకు ఉండే ఇళ్లు. ఒక్కోచోటికి కనీసం రెండుసార్లు వెళ్లాలి. మొదటిసారి వెళ్తే ఏ పార్టీవాళ్లో అనుకుంటారు. రెండోసారి ఓట్లు అడగకుండా వెళ్లినప్పుడు మాట మొదలవుతుంది.

అడగవలసినవి పెద్ద ప్రశ్నలేమీ కావు. మీకు ఏ వేళ తీరిక? ఊళ్లో మీరు ఎప్పుడూ వెళ్లని చోటు ఏది? ఇంతకుముందు ఏదైనా సంఘంలో చేరి మానేశారా, ఎందుకు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులను మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. మాకు వచ్చిన ఒక జవాబు: “ఫొటో తీసేటప్పుడు ముందు నిలబెడతారు, భోజనాలప్పుడు వెనక.”

తీరిక వేళ అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసే దళిత మహిళల సంఘాలు 2008 అక్టోబరులో మాచ్‌నూర్ నుంచి సంఘం రేడియో మొదలుపెట్టాయి. పగలంతా పొలంలో ఉండే మనిషి వినగలిగేలా రాత్రి పూట ప్రసారాలు పెట్టుకున్నారు. మాట్లాడేదీ వాళ్లే, రికార్డు చేసేదీ వాళ్లే, వాళ్ల యాసలోనే. వినేవారి రోజు ఎలా గడుస్తుందో తెలిసినవారు నడుపుతున్నారు కాబట్టి వేళ కుదిరింది. మీరు ఆదివారం ఉదయం పది గంటలకు సమావేశం పెడితే చర్చికి వెళ్లేవారు రారు. శుక్రవారం మధ్యాహ్నమైతే నమాజుకు వెళ్లేవారు రారు. సాయంత్రం ఆరు గంటలంటే ఇంట్లో వంట చేసే ఆడవాళ్లెవరూ రారు.

2. సొసైటీయా, ట్రస్టా?

మూడు దారులున్నాయి. సొసైటీ, ట్రస్టు, కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ. ట్రస్టులో ధర్మకర్తలదే మాట, వాళ్లు తప్పుకొంటేనే మార్పు. సెక్షన్ 8 కంపెనీకి లెక్కల భారం ఎక్కువ. మనం చెప్పుకుంటున్న పనికి నా ఓటు సొసైటీకే, ఎందుకంటే అందులో సర్వసభ్య సమావేశం ఉంటుంది, ఎన్నిక ఉంటుంది, నాయకులను దించే వీలుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం నడుస్తోంది. తెలంగాణ కూడా అదే చట్టాన్ని తన పేరుతో స్వీకరించింది. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆశయ పత్రం, నియమావళి, సభ్యుల గుర్తింపు పత్రాలు, కార్యాలయం చిరునామాకు రుజువు పట్టుకొని రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లాలి. ఈ పని కష్టం కాదు. అసలు కష్టం నియమావళిలో ఉంది. చాలామంది జిరాక్సు సెంటర్లో దొరికే పాత నమూనాలో పేరు మార్చి ఇచ్చేస్తారు. మేమూ అదే చేశాం. మూడేళ్ల తర్వాత చదివి చూస్తే అందులో మా సంఘం ఆశయాల్లో ‘పశువైద్య శిబిరాలు నిర్వహించుట’ అని ఉంది.

నియమావళిలో ఈ నాలుగు నిబంధనలు మొదటి రోజే రాయించండి. కార్యవర్గంలో కనీసం సగం మంది సంఘం ఏ వర్గాల కోసం పనిచేస్తుందో ఆ వర్గాలవారే ఉండాలి. కార్యదర్శి, కోశాధికారి ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా వారిలోంచి రావాలి. ఒకే కుటుంబం నుంచి ఇద్దరు ఉండకూడదు. ఒకే పదవిలో వరసగా రెండు పర్యాయాలకు మించి ఎవరూ కొనసాగకూడదు. తర్వాత చేర్చుదామనుకుంటే నియమావళి సవరణకు ప్రత్యేక తీర్మానం కావాలి, దాన్ని మళ్లీ రిజిస్ట్రార్‌కు పంపాలి. పైగా అప్పటికి పదవి రుచి తెలిసి ఉంటుంది, చేతులు లేవవు.

ప్రతి ఏడాదీ సర్వసభ్య సమావేశం అయ్యాక పదిహేను రోజుల్లోపు కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. దీన్ని ఎగ్గొట్టే సంఘాలు కొల్లలు. తగాదా వచ్చిన రోజున రెండు వర్గాలూ తామే అసలు కార్యవర్గం అంటాయి, తేల్చుకోవడానికి జిల్లా కోర్టు మెట్లెక్కాలి.

3. కోశాధికారి సంతకం

చాలా సంఘాల్లో ‘అన్ని వర్గాల’ ప్రాతినిధ్యం ఉపాధ్యక్ష పదవులతో తీరిపోతుంది. ఉపాధ్యక్షులు ఆరుగురుంటారు, ఒక్కరికీ పని ఉండదు. పదవి ఇచ్చారా అని కాక సంతకం ఇచ్చారా అని అడగండి.

మా రెండో కార్యవర్గంలో కోశాధికారిగా పారిశుద్ధ్య కార్మికుల కాలనీ నుంచి వచ్చిన ఒకావిడను ఎన్నుకున్నాం. పదో తరగతి దాకా చదువుకున్నారు. ఖాతాలో సంతకాలు మార్చడానికి ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. కౌంటరులో ఉన్నాయన ప్రతి ప్రశ్నా నన్నే అడిగారు. ఆవిడ ఎక్కడ సంతకం పెట్టాలో కూడా నాకే వేలితో చూపించారు. నేనూ చకచకా జవాబులు చెప్పుకుంటూ పోయాను. బయటికి వచ్చాక ఆవిడ, “అన్నీ మీరే చెప్పారు కదా సార్, నేనెందుకు రావడం?” అన్నారు. నాకు కోపం వచ్చింది, ఆ కోపం దిగడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఆవిడే లోపలికి వెళ్లారు, నేను బయట చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. పది నిమిషాల పనికి గంటన్నర పట్టింది. పాసుపుస్తకం చేతిలో పట్టుకొని వచ్చి, “ఇంకో ఫారం కావాలన్నారు, నేనే నింపి ఇచ్చాను” అన్నారు. ఆ తర్వాత ఆ బ్యాంకులో ఆవిడను పేరు పెట్టి పలకరించేవారు. నన్ను గుర్తుపట్టేవారు కాదు.

పద్ధతి ఏమిటంటే, ఖాతా ముగ్గురి పేర్ల మీద ఉండాలి, ఏ చెక్కుకైనా ఇద్దరి సంతకాలు ఉండాలి, అందులో కోశాధికారి సంతకం తప్పనిసరి. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టించుకొని బీరువాలో దాచడం మన సంఘాల్లో సర్వసాధారణం. అది మొదలైన రోజే కోశాధికారి పదవి రద్దయినట్టు లెక్క. లెక్కలు రాయడం రానివారైతే నెలకు రెండు సాయంత్రాలు ఆడిటర్ దగ్గర కూర్చోబెట్టండి, ఆ ఖర్చు సంఘానిదే.

4. సమావేశం జరిగే గది

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సంఘంలోంచి మనుషులు జారిపోయేది ఇక్కడే.

ముందు గది. కింది అంతస్తులో ఉండాలి. మూడు మెట్లే కదా అంటారు. ఒక్కో మెట్టు ఆరంగుళాలనుకుంటే మూడు మెట్లకు అడుగున్నర ఎత్తు. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలన్నది ప్రామాణికం, అంటే పద్దెనిమిది అడుగుల పొడవు కావాలి. మన దగ్గర మేస్త్రీలు కట్టేది నాలుగడుగుల ర్యాంపు. అది స్కూటరు ఎక్కించడానికి బాగుంటుంది, చక్రాల కుర్చీకి జారుడుబల్ల అవుతుంది. మరుగుదొడ్డి తలుపు వెడల్పు కూడా టేపుతో కొలవండి. నేను ఇప్పుడు హాలు బుక్ చేసేటప్పుడు జేబులో టేపు పెట్టుకొని వెళ్తాను, వాచ్‌మన్లు నన్ను మేస్త్రీ అనుకుంటారు.

వైకల్యం అంటే చక్రాల కుర్చీ ఒక్కటే కాదు. వికలాంగుల హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి ఏడే. బధిరులు వచ్చే సమావేశానికి సైగల భాష అనువాదకులను ఇద్దరిని పిలవాలి, ఒక్కరే గంటల తరబడి చేతులు ఆడించలేరు, మారుతూ ఉండాలి. వాళ్లను వెలుతురున్న చోట నిలబెట్టాలి, కిటికీకి వీపు పెట్టి నిలబడితే చేతులు నీడల్లా కనిపిస్తాయి. చూపు లేనివారు ఉంటే మాట్లాడే ప్రతివారూ ముందు పేరు చెప్పాలి.

తర్వాత కుర్చీలు. వేదిక మీద ఐదు కుషన్ కుర్చీలు, కింద ప్లాస్టిక్ కుర్చీలు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ కొందరు. ఈ మూడు అంచెల్లో ఎవరెవరు ఉన్నారో చూస్తే ఊరి పటం కనిపిస్తుంది. వేదిక తీసేసి గుండ్రంగా వేయండి. చాప వేసి పిల్లలను కూర్చోబెట్టే మూల ఒకటి ఉంచండి, దానికి ఒక మనిషిని పెట్టండి. లేకపోతే తల్లులు తలుపు దగ్గరే నిలబడి వింటారు.

మాట్లాడే వరస గురించి. మొదట మాట్లాడినవారి మాట చుట్టూ మిగతావారు తిరుగుతారు. అందుకని మా నియమం: అధ్యక్షులు, కార్యదర్శి చివరన మాట్లాడతారు, కొత్తగా చేరినవారు మొదట. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్న సంఘాల్లో ఈ మూడు నిమిషాల నియమం అమలు చేయడానికి గుండె ధైర్యం కావాలి.

తీర్మానాల పుస్తకం బల్ల మీద పెట్టి ‘సంతకాలు పెట్టండి’ అనకండి. రాసింది బిగ్గరగా చదివి వినిపించండి. వేలిముద్ర వేసే సభ్యురాలు మాలో ఒకరుండేవారు. ఒకసారి చదివి వినిపిస్తుంటే ఆపి, “నేను ఒప్పుకోలేదని రాయలేదే” అన్నారు. రాశాం. ఆ తీర్మానం ఆవిడ అభ్యంతరంతోనే పుస్తకంలో ఉంది.

ఇక టీ, భోజనాలు. దళితులకు వేరే గ్లాసులో టీ పోసే రెండు గ్లాసుల పద్ధతి ఎక్కడో పాత కాలం కథ అనుకునేవారు, తమ సంఘం వంటపని దళిత మహిళల బృందానికి అప్పగించి చూడండి. మొదటి వార్షికోత్సవానికి మేం అదే చేశాం, వంట ఎవరు చేశారో మైకులో చెప్పి కృతజ్ఞతలు తెలిపాం. ఆ రోజు శనివారం కాదు, ఏకాదశీ కాదు. అయినా నలుగురు పెద్దలకు ఉపవాసం గుర్తొచ్చింది. మరుసటి ఏడాది అదే బృందం, అదే మైకు. ఉపవాసాలు రెండుకు తగ్గాయి. సహపంక్తి భోజనం మన నేలకు కొత్త కాదు, విజయవాడ నాస్తిక కేంద్రం నెలకొల్పిన గోరా దంపతులు దాన్ని దశాబ్దాల కిందటే ఉద్యమంగా నడిపారు. కొత్తగా చేయవలసిందల్లా వడ్డించేవారినీ కూర్చునేవారినీ అటూ ఇటూ మార్చడమే.

5. పిలుపూ, పేరూ, ఫొటో

కరపత్రం తెలుగులో వేస్తే సరిపోయిందని అనుకోకండి. ఉర్దూ మాట్లాడే బస్తీలో ఉర్దూలో, తండాలో లంబాడీ మాటల్లో, అదీ చదవలేనివారికి నోటి మాటతో వెళ్లాలి. 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టిన దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ జనాన్ని కూడగట్టడానికి హరికథలను వాడుకున్నారు. ఇప్పుడైతే రెండు నిమిషాల వాట్సాప్ ఆడియో. రాసిన సందేశం కంటే ఇదే నయం, ఆ వాడ గొంతుతోనే చెప్పిస్తే మరీ నయం.

మనుషులను ఏమని పిలవాలన్నది వాళ్లనే అడగండి. ప్రభుత్వ కాగితాల్లో దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని ఉంటుంది. మా సభ్యుల్లో కొందరికి ఆ మాటలు వింటే నవ్వు వస్తుంది, వికలాంగులమనే చెప్పుకుంటారు. మరికొందరికి ఆ పదం నచ్చదు. ట్రాన్స్‌జెండర్ సభ్యులను వాళ్లు చెప్పిన పేరుతో, వాళ్లు చెప్పిన లింగంతో పిలవాలి. సభ్యత్వ ఫారంలో ‘పిలిచే పేరు’ అని ఒక గడి పెట్టండి. స్త్రీ, పురుష అని రెండే గడులుంటే మూడోది చేర్చండి. సుప్రీంకోర్టు 2014లో నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పుతోనే ఆ హక్కును గుర్తించింది.

ఫొటోల విషయంలో నా మాట కటువుగా ఉంటుంది. దుప్పటి అందుకుంటున్న చేతులు, పక్కన నవ్వుతున్న దాత. ఇలాంటివి వేయకండి. ఎవరి ఫొటో వాడాలన్నా అడిగి, రాయించుకొని, ‘వద్దు’ అనే వీలు ఇచ్చి వాడండి.

6. డబ్బు వచ్చే దారులు

మొదటి రెండేళ్లు సభ్యత్వ రుసుము, ఊళ్లో చందాలతోనే నడపమంటాను. రుసుము అందరికీ ఒకటే ఉండాలి, అది కూలీకి కూడా భారం కాకూడదు. ‘పోషకులు’, ‘మహారాజ పోషకులు’ అని తరగతులు పెట్టినా ఓటు మాత్రం అందరికీ ఒక్కటే అని నియమావళిలో తప్పక రాయండి.

పాన్ కార్డు తీసుకున్నాక 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) నమోదుకు దరఖాస్తు చేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి గానీ వాడుకలో ఈ పాత పేర్లతోనే పని జరుగుతుంది. మొదట ఇచ్చేది తాత్కాలిక నమోదు, దాని గడువు తేదీని గోడ మీద క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసి, ఆరు నెలల ముందే ఆడిటర్‌ను కలవండి. రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు కాబట్టి బ్యాంకు ద్వారానే ఇమ్మనండి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కావాలంటే సీఎస్ఆర్-1 ఫారం నమోదు ఉండాలి, మూడేళ్ల పని చూపించాలి.

తెలుగువారి సంఘాలు తరచుగా బోల్తా పడేది విదేశీ విరాళాల దగ్గర. డాలస్‌లో ఉన్న మేనమామ కొడుకు లక్ష రూపాయలు పంపుతానంటాడు. ఆయన దగ్గర భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకొని ఉంటే, చేతిలో ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకుంటే నేరం. నమోదుకు మూడేళ్ల మనుగడ, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. తీసుకున్నాక ఇంకో సంఘానికి మళ్లించకూడదు. ‘మనవాడే కదా’ అన్న మాట ఈ చట్టానికి తెలియదు. ముందు పాస్‌పోర్టు నకలు అడగండి, చుట్టరికం తర్వాత.

7. గొడవ వచ్చినప్పుడు

వస్తుంది. వేర్వేరు మనుషులను ఒక గదిలో కూర్చోబెట్టింది అందుకే. ఒక సభ్యుడు కులం పేరుతో ఎత్తిపొడుస్తాడు, హాస్యమంటాడు. ఇంకొకరు బుర్ఖా గురించి ఏదో అంటారు. ఫిర్యాదు వినడానికి ముగ్గురితో ఒక ఉపసంఘాన్ని ముందే వేయండి, అందులో ఒకరు సంఘానికి బయటివారై ఉండాలి, అధ్యక్షులు, కార్యదర్శి ఉండకూడదు. ఎందుకంటే ఫిర్యాదు వాళ్ల మీద కూడా రావచ్చు. నా మీద ఒకటి వచ్చింది. సమావేశంలో ఒక సభ్యురాలి మాటను పదే పదే అడ్డుకున్నానని. తీర్మానాల పుస్తకం తిరగేసి చూస్తే నిజమే.

కొన్నింటిని మాత్రం సంఘంలో తేల్చే అధికారం మీకు లేదు. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి నుంచి ఒకరు. అంతకన్నా తక్కువ మంది ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటోంది, చెప్పకపోవడమే నేరం. కులం పేరుతో అవమానించిన సంగతి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పరిధిలోకి వస్తే ‘ఇద్దరూ మనవాళ్లే, రాజీ పడండి’ అని పెద్దమనుషుల పంచాయతీ పెట్టకండి. బాధితులు స్టేషనుకు వెళ్తామంటే తోడు వెళ్లండి, ఆపకండి.

8. కుర్చీ దిగడం

రెండు పర్యాయాలు అయ్యాక నియమావళి ప్రకారం దిగిపోయాను. కార్యదర్శిగా ఇప్పుడు ఉన్నది మా పాత కోశాధికారి. బీరువా తాళంచెవి, రబ్బరు స్టాంపు, తీర్మానాల పుస్తకాలు అరగంటలో అప్పగించాను. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆదాయపు పన్ను పోర్టల్, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్, బ్యాంకు, ఈ-మెయిలు, చివరికి కరెంటు మీటరు, అన్నింటికీ నా ఫోను నంబరే ఇచ్చి ఉంది. ఆవిడ ఆఫీసులో కూర్చొని ఏ పని మొదలుపెట్టినా ఓటీపీ నా జేబులో మోగేది. ఆవిడ ఫోను చేసేవారు, నేను అంకెలు చెప్పేవాణ్ని, చెబుతూ ‘దేనికి?’ అని అడిగేవాణ్ని. ఆ ‘దేనికి’ అనే హక్కు నాకు లేదని గ్రహించడానికి కొన్ని వారాలు పట్టింది.

కాబట్టి సంఘం పేరు మీద ఒక సిమ్ కార్డు మొదటి రోజే తీసుకోండి. పాస్‌వర్డులన్నీ ఒక పుస్తకంలో రాసి కవరులో పెట్టి అంటించి బీరువాలో ఉంచండి. పదవి మారినప్పుడు ఏయే చోట నంబరు మార్చాలో జాబితా రాసుకొని ఒక్కొక్కటీ కొట్టేయండి. మా జాబితాలో పదకొండు ఉన్నాయి, మూడు నెలలు పట్టింది. కరెంటు మీటరు ఒక్కటి మిగిలిపోయింది. గత వారం దాని బిల్లు సందేశం నా ఫోనుకు వస్తే ఆవిడకు పంపాను. “కట్టేశానండీ, నంబరు కూడా మార్పించాను, ఇదే ఆఖరిది” అని జవాబు వచ్చింది.